పరీక్షకి పంపని పిల్లలు

జగ్గయ్యపేట,
15 జులై 1979.

ప్రియమైన పెద్దన్నయ్య గారికి,

మీ చెల్లెలు జయమణి వందనాలు. దేవమణి వదినకీ పిల్లలకీ నా ప్రేమలు. ప్రభువు దయవల్ల ఇక్కడ ఆయనా, బాబూ, నేనూ బాగున్నాం. ఆయనకి ఈ నెల నందిగామ బస్సు మీద డ్యూటీ వేశారు. ఈ ఉత్తరం ఆయన కండక్టరు సంచీలోనే మీ ఇంటికి వస్తోంది.

నాకు బదిలీ అయింది. కొత్త బడి పేటకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న పంచాయతీ సమితి స్కూలు. ఏడో తరగతి దాకా ఉంది. నాకు ఆరో తరగతి ఇచ్చారు. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. మొదటిరోజే మా హెడ్మాస్టరు గారు ఒక పిల్లని చూపించి, "అమ్మాయ్, దాని జోలికి పోబాక. ఏమీ రాదు. రైతు వెంకటరత్నం గారి కూతురు గనక కూర్చోనిస్తున్నాం" అన్నారు. పిల్ల పేరు కమలాకుమారి. పన్నెండేళ్ళు ఉంటాయి. గోడకి ఆనుకుని కూర్చుంటుంది, పలక తియ్యదు.

వారం రోజులు నేనూ హెడ్మాస్టరు గారి మాట ప్రకారమే నడిచాను. నిన్న మాత్రం ఒక విచిత్రం చూశాను. బడి వదిలాక బస్సు కోసం రోడ్డు మీద నుంచున్నాం. ఎదురుగా ఎరువుల గోడౌను. గోడ మీద మిరప పురుగుమందు ప్రకటన రాసి ఉంది, ఒక్కో అక్షరం బారెడు పొడుగు. కమల ఆ గోడ దగ్గరికి వెళ్ళి, దాదాపు ముక్కు ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ మొత్తం చదివేసింది! తప్పు లేకుండా!

"అక్షరాలు ఎవరు నేర్పారే?" అన్నాను.

"ఈ గోడేనండి" అంది.

పుట్టుకతోనే చూపు చాలా తక్కువట. అద్దాలతో బాగయ్యేది కాదని డాక్టర్లు చెప్పేశారట. పుస్తకంలో అక్షరాలు దానికి చీమల బారులాగా కనిపిస్తాయట. వినికిడి మాత్రం అమోఘం. నేను చెప్పిన సోషల్ పాఠం మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది.

మీది ఇరవై ఏళ్ళ అనుభవం. దీనికి నేను ఏం చెయ్యాలో చెప్పండి.

మీ చెల్లెలు,
జయమణి


నందిగామ,
23 జులై 1979.

చిరంజీవి జయమణికి,

అన్నయ్య దీవెనలు. ఉత్తరం అందింది. స్తెఫను బావ మజ్జిగ కూడా తాగకుండా బస్సుకి పరిగెత్తాడు. మీ వదిన నొచ్చుకుంది. ఈసారి పది నిముషాలు కూర్చోమని చెప్పు.

ఆ పిల్ల సంగతి చదివితే జాలేసింది. చూపు లేని పిల్లలకి పట్నాల్లో వేరే బళ్ళున్నాయి. వాళ్ళ నాన్నతో మాట్లాడి అక్కడికి పంపించు. అది వాళ్ళకీ మంచిది, నీకూ మంచిది. ఒక్క పిల్ల కోసం ముప్ఫై ఏడు మందిని వదిలేస్తానంటే ఒప్పుకోను. బడి అనేది బస్సులాంటిది మణీ. టైముకి బయల్దేరాలి.

నా సంగతి నీకు తెలుసు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షల్లో మా బడికి వరసగా తొమ్మిదో ఏడు నూటికి నూరు వచ్చింది. కమిటీవాళ్ళు శాలువా కప్పారు. పద్ధతి వల్లే ఇదంతా. జనవరిలో ఒక పరీక్ష పెడతాను. పాసు మార్కులు రాని ఏడెనిమిది మంది తల్లిదండ్రుల్ని పిలిచి, "ఈ ఏడు ఆపండి, ఒంట్లో బాగోలేదని కాగితం రాసివ్వండి" అంటాను. వాళ్ళకీ అవమానం తప్పుతుంది, బడికీ పేరు నిలుస్తుంది.

తమ్ముడు చిన్నబాబు కీసరలో రోడ్డు పక్కన లారీల షెడ్డు పెట్టాడట. బాగా నడుస్తోందని విన్నాను. పదిమైళ్ళ దూరంలో ఉండి కూడా వాడు మా ఇంటికి రాడు. నీకేమైనా రాస్తున్నాడా?

ఆశీస్సులతో,
అన్నయ్య వరప్రసాదరావు


జగ్గయ్యపేట,
2 డిసెంబరు 1979.

పెద్దన్నయ్య గారికి వందనాలు.

చిన్నన్నయ్య నాకూ ఉత్తరాలు రాయడు. ఆయన బస్సు కీసరలో ఆగినప్పుడు కనబడి "చెల్లెలు బాగుందా" అని అడుగుతాడట. అంతే.

కమలని నేను పట్నం పంపలేదు. వాళ్ళ నాయనమ్మ రాఘవమ్మ గారు ఇంట్లో పెద్ద. ఆవిడ నన్ను వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడింది. "కళ్ళు కనపడని పిల్లని ఊరుగాని ఊళ్ళో వదిలి మేం ఇక్కడ అన్నం తినగలమా పంతులమ్మా? మీ బళ్ళో చదువు వస్తే రానీ. లేకపోతే దూడల్ని చూసుకుంటది" అంది. నేను కూడా "ఇక్కడే వస్తుందండీ" అనేశాను. అన్నాక చెయ్యాలి కదా!

పాత క్యాలెండర్లు పోగుచేశాం. వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా. కుంచెతో, నల్ల రంగుతో, అక్షరం రెండు వేళ్ళ ఎత్తున పాఠాలు రాయించాను. రాసింది నేను కాదు, క్లాసు పిల్లలే. రోజుకి నలుగురు. ఇక్కడే నాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. అంత పెద్ద అక్షరాలతో రాయాలంటే పాఠం కుదించాలి. కుదించాలంటే ముందు అర్థం కావాలి. నలుగురూ వాదించుకుంటారు, "ఈ వాక్యం అక్కర్లేదు", "కాదు, ఇదే ముఖ్యం" అని. వెనకబడ్డ పిల్లలనుకున్న వాళ్ళు ఆరుగురు ఈ రాతపనితోనే దారిలో పడ్డారు. నేను వదిలేస్తానని మీరు భయపడ్డ ముప్ఫై ఏడు మందికీ లాభమే వచ్చింది అన్నయ్యా. బస్సు టైముకే బయల్దేరింది, సీట్లు మాత్రం కొంచెం మార్చాం.

ఒక్క సందేహం. ఏణ్ణర్థంలో కమల ఏడో తరగతి పరీక్ష రాయాలి. పెద్ద అక్షరాలతో జవాబులు రాయడం అప్పటికి వచ్చేస్తుంది గానీ, అచ్చు ప్రశ్నపత్రం అది చదవలేదు. ప్రశ్నపత్రం ముందుగా నా చేతికి ఇస్తే పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చేస్తాను. మీరు ఎన్నోసార్లు పరీక్షలకి చీఫ్ సూపరింటెండెంటు‌గా చేశారు. దీనికి ఎవర్ని అడగాలి?

చెల్లెలు,
జయమణి


నందిగామ,
6 డిసెంబరు 1979.

జయమణికి,

ప్రశ్నపత్రం ముందుగా నీ చేతికి ఇవ్వాలా? ఈ మాట ఇంకెవరైనా రాసుంటే ఆ ఉత్తరం పట్టుకెళ్ళి పైవాళ్ళకి ఇచ్చేవాణ్ణి. చెల్లెలివి గనక చింపి పారేశాను. ఇరవై ఏళ్ళలో ఒక్క మచ్చ లేదు నాకు. పిల్ల మీద జాలితో నువ్వు ఎక్కడిదాకా వెళుతున్నావో ఆలోచించుకో.

వరప్రసాదరావు


జగ్గయ్యపేట,
10 డిసెంబరు 1979.

అన్నయ్య గారికి,

"ముందుగా" అంటే ముందురోజు అని కాదు. పరీక్ష హాల్లో అందరి ఎదుటా కట్ట విప్పాక, కమల రాయబోయే ముందు అని. ఎవరో ఒక టీచరు, నేను కాకపోయినా సరే, అక్కడే కూర్చుని ప్రశ్నలు పెద్దగా రాసివ్వాలని. నేను సరిగ్గా రాయలేకపోయాను. అయినా ముప్ఫై ఏళ్ళుగా నన్ను ఎరిగిన మీరు ఇంకో అర్థం ఉందేమోనని ఒక్క క్షణం ఆగలేదు. అది బాధగా ఉంది.

డిప్యూటీ ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు గారికి అర్జీ పెట్టాను. ఇక ఈ విషయంలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. పిల్లలకి క్రిస్మస్ బట్టలు మీ బావ చేత పంపిస్తున్నాను. వదినకి వందనాలు.

జయమణి


జగ్గయ్యపేట,
19 ఆగస్టు 1980.

వరప్రసాదరావు గారికి,

ఈ మధ్య మన మధ్య పండగ కార్డులే తప్ప ఉత్తరాలు లేవు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మొన్న బుధవారం జగన్నాథరావు గారు చెప్పకుండా మా బడికి తనిఖీకి వచ్చారు. కమల ఇప్పుడు ఏడో తరగతి. ఆ క్లాసు కూడా నేనే తీసుకున్నాను. పిల్లలు వరసల్లో లేరు. నలుగురేసి గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఒక గుంపు క్యాలెండర్ల మీద రాస్తోంది, ఇంకో గుంపు పైకి చదువుతోంది, కమల ఇద్దరికి నోటిలెక్కలు చెబుతోంది. గోడలనిండా క్యాలెండర్లు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, "ఇది బడా, సంతా?" అన్నారు.

నేను చెప్పబోయాను. ఆయన వినలేదు. "మీ అన్నగారు చెబితేనే వచ్చానమ్మా. నందిగామలో ఆయన కలిసి, మా చెల్లెలు బడి ఒకసారి వెళ్ళి చూడండి అన్నారు. ఎందుకన్నారో ఇప్పుడు అర్థమైంది" అన్నారు. మర్నాడే మెమో వచ్చింది. తరగతి క్రమశిక్షణ లేకుండా నడుపుతున్నందుకు పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. నా అర్జీ మీద మాత్రం ఒక్క ముక్క లేదు.

నామీద మీకు అంత కోపం ఉంటే నాకే రాయాల్సింది.

కోపంలో రాస్తున్నాను గనక ఇది కూడా రాసేస్తాను. చిన్నన్నయ్యని బడి మాన్పించింది మీరే. నాకప్పుడు పదకొండేళ్ళు, అన్నీ గుర్తున్నాయి. మీరు అదే బడిలో కొత్త మాస్టారు. "వీడు పరీక్షకి పనికిరాడు నాన్నా, పంపితే నా పరువు పోతుంది" అన్నారు. నాన్న ఆపేశారు. ఆ మర్నాడు చిన్నన్నయ్య పుస్తకాలు నాకిచ్చేసి క్లీనరుగా లారీ ఎక్కాడు. అప్పుడు వాడికి పద్నాలుగేళ్ళు. మీ నూటికి నూరు అక్కడే మొదలైందన్నయ్యా. ఏటా ఏడెనిమిది మంది. వాళ్ళంతా ఎక్కడున్నారో ఎప్పుడైనా కనుక్కున్నారా?

జయమణి


నందిగామ,
21 సెప్టెంబరు 1980.

మణీ,

నెల రోజులు ఈ ఉత్తరం రాయలేకపోయాను. నీ ఉత్తరం మీ వదిన చదివి, "మీరు ఏం చేశారో ఆ అమ్మాయికి చెప్పండి" అని రోజూ అంటూనే ఉంది.

జగన్నాథరావు గారిని మీ బడికి వెళ్ళమన్నది నిజం. ఫిర్యాదు చేసి కాదు. నీ క్యాలెండర్ల సంగతి బావ చెబుతూనే ఉన్నాడు. నీ అర్జీ ఆయన బల్ల మీద ఎనిమిది నెలలుగా పడి ఉందని తెలిసింది. కాగితం చూస్తే ఆయన సంతకం పెట్టడు, పిల్లని చూస్తే పెడతాడనుకున్నాను. "మా చెల్లెలు ఏదో కొత్తగా చేస్తోంది, మీరు చూడాలి" అన్నాను. ఆ మాటలో నా గర్వం ఆయనకి వినబడలేదు. తప్పు నాదే. ఎదుటివాళ్ళని మెచ్చుకోవడం అలవాటు లేని మనిషి మెచ్చుకుంటే అది ఫిర్యాదులాగే వినిపిస్తుంది కాబోలు. సంగతంతా ఆయనకి మళ్ళీ వెళ్ళి చెప్పాను. ఇంకోసారి వస్తానన్నారు.

చిన్నబాబు గురించి నువ్వు రాసింది నిజం. నేను మర్చిపోలేదు. మర్చిపోయినట్టు ఉంటూ వచ్చాను.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కీసర వెళ్ళాను. షెడ్డు బాగుంది. మూడు లారీలు నిలబడి ఉన్నాయి. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు. టీ తెప్పించాడు. ఒక డ్రైవరు వచ్చి, "బండిలో శబ్దం వస్తోంది" అన్నాడు. చిన్నబాబు ఇంజను దగ్గరికి వంగలేదు. కాస్త దూరంలో నిలబడి కళ్ళు మూసుకుని విన్నాడు. ఏ భాగం అరిగిందో చెప్పాడు. విప్పి చూస్తే అదే. నలభై ఏళ్ళ వాళ్ళు వాణ్ణి "గురువుగారూ" అంటున్నారు మణీ.

ఇంతలో ఇంకో డ్రైవరు వాళ్ళ యజమాని రాసిచ్చిన చీటీ ఇచ్చాడు. చిన్నబాబు అది తీసుకుని, మళ్ళీ అతనికే ఇచ్చి, "నువ్వే చదువు, నా చేతులకి గ్రీజుంది" అన్నాడు.

వాడి చేతులు శుభ్రంగా ఉన్నాయి. అప్పుడే కడుక్కుని నాకు టీ అందించాడు.

నేను ఏమీ అడగలేదు. "ఇంటికి రారా ఒకసారి" అన్నాను. "వస్తాలే అన్నయ్యా" అన్నాడు. బస్సెక్కి వచ్చేశాను.

నువ్వు సంజాయిషీ ఇచ్చావా? ఏం రాశావు?

అన్నయ్య


జగ్గయ్యపేట,
12 అక్టోబరు 1980.

పెద్దన్నయ్యా,

మీ ఉత్తరం ఆయన నాకు బస్టాండులోనే ఇచ్చారు. అక్కడే నిలబడి చదివాను, ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. తొందరపడి రాశాను. క్షమించండి. చిన్నన్నయ్య మాట మాత్రం వెనక్కి తీసుకోను. మీరూ తీసుకోమనరని తెలుసు.

సంజాయిషీలో ఒకటే రాశాను, "అయ్యా, దయచేసి ఒక పూట పూర్తిగా కూర్చోండి" అని. జగన్నాథరావు గారు నిన్న వచ్చారు. నిజంగానే పూటంతా కూర్చున్నారు! ముందు కమలని సోషల్‌లో పది ప్రశ్నలు అడిగారు. అన్నీ చెప్పింది. "ఇది కంఠతా పట్టిందేమో" అని, తనే సుద్దముక్కతో నేలమీద ఒక కొత్త లెక్క పెద్దగా రాశారు. కమల నేలమీద బోర్లా పడుకుని చదివి, నోటితో చేసి చెప్పింది. తర్వాత ఆయన మిగతా పిల్లల్ని కూడా ఒక్కొక్కర్నీ అడిగారు. వెళ్ళేముందు, "సంతలో ఎవరి సరుకు వాళ్ళకి దొరుకుతుందమ్మా. ఆరోజు నేను గుమ్మంలోంచే వెళ్ళిపోయాను" అన్నారు. పెద్దమనిషి. మెమో వెనక్కి తీసుకున్నారు. అర్జీని సిఫారసు చేసి పైకి పంపారు.

రాఘవమ్మ గారు ఇప్పుడు నన్ను వాకిట్లో నిలబెట్టడం లేదు. లోపల మంచం వాల్చి కూర్చోమంటోంది. మొదట్లో ఆవిడ నన్ను బయటే ఎందుకు ఉంచిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మనం ఏ పేట వాళ్ళమో ఊళ్ళో అందరికీ తెలుసు. చూడలేని మనవరాలే ఆవిడకి నన్ను చూపించింది.

జయమణి


నందిగామ,
20 మార్చి 1981.

మణీ,

రెండు వార్తలు.

ఈ ఏడు ఏడో తరగతి పరీక్షలకి నన్ను జగ్గయ్యపేట సెంటరుకి చీఫ్‌గా వేశారు. కమల రాసేది అక్కడే. అందుకని ఆ వారం మీ ఇంట్లో దిగను. సత్రంలో ఉంటాను. పరీక్షలు అయ్యేదాకా నువ్వు సెంటరు ఛాయలకి రావద్దు. భోజనం కూడా పంపవద్దు. రేపు ఎవరూ ఆ పిల్ల మార్కుల మీద వేలు పెట్టి చూపించకూడదు. పైనుంచి అనుమతి కాగితం వచ్చింది. ప్రశ్నలు పెద్దగా రాసివ్వడానికి వేరే బడి నుంచి కృపావతి అనే టీచర్ని పెట్టాను. దస్తూరి ముత్యాలు.

రెండో వార్త. జనవరి పరీక్ష పెట్టాను, అందులో పదకొండు మంది గట్టెక్కలేదు. తల్లిదండ్రుల్ని పిలిపించాను. అలవాటు ప్రకారం వాళ్ళు కలాలు తెచ్చుకున్నారు. "కాగితం ఏమీ వద్దు. అందర్నీ పంపుతున్నాను. ఈ మూడు నెలలూ వీళ్ళు బడి వదిలాక నా దగ్గర ఒక గంట ఉండాలి" అన్నాను. ఒక తండ్రి, "ఇది మావాణ్ణి శిక్షించడానికాండి?" అని అడిగాడు. ఇన్నేళ్ళ నా పేరు అదన్నమాట!

ఆ పదకొండు మందికీ పాఠం నోటితో అప్పజెప్పించుకుంటున్నాను. నలుగురికి నోటితో అన్నీ వచ్చు, రాయమంటేనే రాదు. ఇరవై ఏళ్ళు వీళ్ళు నా ఎదురుగానే కూర్చున్నారు.

అన్నయ్య


నందిగామ,
22 ఏప్రిల్ 1981.

మణీ,

పరీక్షలు నిన్నటితో అయిపోయాయి గనక ఇప్పుడు రాయవచ్చు.

మొదటిరోజు తెలుగు. గంట కొట్టి కట్ట విప్పగానే కృపావతి గారు రాయడం మొదలుపెట్టారు. ఎంత వేగంగా రాసినా మొత్తం రాసేసరికి ముప్ఫై అయిదు నిముషాలు పట్టింది. అంతసేపూ కమల చేతులు కట్టుకుని కూర్చుంది. చుట్టూ అందరూ రాసేస్తున్న చప్పుడు దానికి వినపడుతూనే ఉంది కదా. అనుమతి కాగితం తీసి మళ్ళీ మళ్ళీ చదివాను. ప్రశ్నలు రాసివ్వవచ్చు అనుంది. అందుకు పట్టే కాలం గురించి ఒక్క మాట లేదు.

ఆఖరి గంట కొట్టారు. అందరూ కాగితాలు ఇచ్చేశారు. కమల తల ఎత్తకుండా రాస్తోంది. ఒక ఇన్విజిలేటరు వచ్చి, "లాగేసుకోమంటారా సార్?" అన్నాడు.

"ఆ పిల్ల చేతికి ప్రశ్నపత్రం ఎన్నింటికి వచ్చింది?"

"ముప్ఫై అయిదు నిముషాలు లేటుగానండి."

"అయితే ఆ పిల్లకి ముప్ఫై అయిదు నిముషాల తర్వాతే గంట కొట్టండి."

కొట్టించాను. ప్రతిరోజూ అలాగే చేశాను. చేసింది చేసినట్టు, నిముషాలతో సహా, నా రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. అడిగితే జవాబు చెప్పుకుంటాను. జీవితంలో రూలులో లేని పని చెయ్యడం ఇదే మొదలు.

లెక్కల్లో బొమ్మ వెయ్యాల్సిన ప్రశ్న వదిలేసింది. మిగతావి బాగా రాసింది. ఫలితం ఎలా వచ్చినా నువ్వు నెగ్గావు.

అన్నయ్య


జగ్గయ్యపేట,
28 జూన్ 1981.

పెద్దన్నయ్యా, వదినా,

కమల పాసయింది! సోషల్‌లో బడి మొత్తానికి మొదటి మార్కు. లెక్కల్లో గట్టెక్కింది. మీ రిపోర్టు గురించి పైవాళ్ళు ఏమైనా అడిగారా? ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదని జగన్నాథరావు గారు మీ బావతో అన్నారట.

హైస్కూల్లో చేర్చడానికి వెంకటరత్నం గారితోపాటు రాఘవమ్మ గారూ, నేనూ వెళ్ళాం. అక్కడ ఒక మాస్టారు, "చూపు తక్కువ పిల్ల ఇంత పెద్ద బళ్ళో ఎట్లా చదువుద్దండి?" అన్నారు. నేను నోరు తెరిచేలోపలే రాఘవమ్మ గారు, "మా పిల్లకి చూపు తక్కువ గానీ బుర్ర తక్కువ కాదయ్యా. ఎట్లా చెప్పాలో తెలవకపోతే మా పంతులమ్మ వచ్చి నేర్పుద్ది" అంది. చేర్చుకున్నారు. క్యాలెండర్లు రాయడానికి దానితోపాటు మా క్లాసు పిల్లలు అయిదుగురు అదే సెక్షనులో చేరారు.

మీ బడి ఫలితం ఏమైంది? మీరు రాయలేదు. భయమేస్తోంది.

ఇంకో కబురు. ఆగస్టు నెలాఖరుకి బాబుకి తోడు వస్తోంది.

జయమణి


నందిగామ,
10 జులై 1981.

మణీ,

నలభై ఏడు మందికి ముప్ఫై ఎనిమిది మంది పాసయ్యారు. తొమ్మిది మంది తప్పారు. కమిటీవాళ్ళు పిలిచి, "మన నూరు ఏమైంది మాస్టారూ?" అన్నారు.

"మన నూరు ఎప్పుడూ లేదండి. ఓడిపోతారనుకున్న వాళ్ళని లెక్కలోంచి తీసేసి నూరు అన్నాను. ఈ ఏడు ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆపేద్దామనుకున్న పదకొండు మందిలో ఇద్దరు పాసయ్యారు. ఆ తొమ్మిది మందీ పేర్లు ఇవిగో, అక్టోబరులో మళ్ళీ రాస్తారు" అన్నాను. శాలువా సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు బెంగ లేదు. కమిటీలో ఒకాయన బయటికొచ్చాక చెయ్యి పట్టుకుని, "మావాణ్ణి డెబ్బయ్యారులో ఆపేశారు మాస్టారూ, వాడు మళ్ళీ బడికి రాలేదు" అన్నాడు. అదొక్కటే గుచ్చుకుంది.

జగన్నాథరావు గారు చుట్టుపక్కల టీచర్లందరికీ వచ్చే నెల మా బడిలో ఒకరోజు సమావేశం పెడుతున్నారు. అందరితో కలవలేని పిల్లలకి ఎట్లా చెప్పాలన్నది విషయం. మాట్లాడాల్సింది నువ్వు. నేను వెనక కూర్చుని రాసుకుంటాను. రా.

అన్నయ్య


జగ్గయ్యపేట,
2 ఆగస్టు 1981.

పెద్దన్నయ్యా,

డాక్టరమ్మ ప్రయాణం వద్దంది. క్యాలెండర్లు పన్నెండు పంపిస్తున్నాను. చుట్టలు విప్పేటప్పుడు జాగ్రత్త, అంచులు చిరిగాయి.

నా బదులు చిన్నన్నయ్యని పిలవండి. మీరే వెళ్ళి పిలవండి. చదువు చెప్పేవాళ్ళు ఎప్పుడూ మనలో మనమే మాట్లాడుకుంటాం. చదువు రానివాడు మాట్లాడితే ఒకసారి విందాం.

జయమణి


నందిగామ,
25 ఆగస్టు 1981.

మణీ,

పాప పుట్టిందని బావ బస్సు దిగకుండానే కేక వేసి చెప్పాడు. తల్లీబిడ్డలకి దేవుని దీవెనలు. మీ వదిన గురువారం వస్తోంది, నెలరోజులు ఉంటుంది.

శనివారం సమావేశం జరిగింది. వీరులపాడు, పరిటాల వైపు నుంచి కూడా వచ్చారు. ముప్ఫై నలుగురు టీచర్లు. నీ క్యాలెండర్లు గోడలకి కట్టాం. చిన్నబాబు వస్తాడో రాడో అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మం దగ్గరే కూర్చోబోయాడు. లేపి తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. నా తమ్ముడని ఎవరికీ తెలియదు.

ముందు తడబడ్డాడు. తర్వాత ఇంజను గురించి మొదలుపెట్టి, పనివాళ్ళకి తను ఎట్లా నేర్పుతాడో చెప్పాడు. "ఒకడు చూసి నేర్చుకుంటాడండి. ఒకడు విని నేర్చుకుంటాడు. ఒకడికి విప్పి చేతిలో పెట్టాలి. పని రావట్లేదంటే నేను చెప్పే తీరు మార్చుకుంటానండి" అన్నాడు. తనకి చదవడం రాదని, చీటీలు వేరేవాళ్ళ చేత చదివించుకుంటానని కూడా అందరి ముందూ చెప్పేశాడు.

వీరులపాడు నుంచి వచ్చిన జీవరత్నం అనే టీచరు లేచి, "మీ మాస్టారు అప్పట్లో ఏం చేసుంటే మీకు చదువు వచ్చేదండి?" అని అడిగింది.

చిన్నబాబు నావైపు చూడలేదు. "ఏమో అమ్మా. నన్ను ఎవరూ అడగలా" అన్నాడు.

నేను లేచాను. "ఆ మాస్టారు నేనే. ఇతను నా తమ్ముడు. పరీక్షకి పంపకుండా బడి మాన్పించింది నేనే" అన్నాను. వాడి ఎదురుగా వెళ్ళి నిలబడి అడిగాను. "ఎందుకు చదవలేకపోయావురా చిన్నబాబూ?"



"అక్షరాలు కుదురుగా నిలబడవన్నయ్యా. 'వ' అనుకుంటే 'ప' అవుద్ది. పై లైను కింద లైనులో కలుస్తది. ఇప్పటికీ అంతే."

"ఆరోజే చెప్పలేదేంరా?"

"అందరికీ అట్లాగే కదులుతాయనుకున్నా. మీరంతా ఎట్లాగోట్లా పట్టుకుంటున్నారు, నాకే చేతకావట్లేదు అనుకున్నా."

మణీ, ఇరవై ఏళ్ళు! నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. వాడే లేచి నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

అప్పుడు జీవరత్నం గారు, "అక్షరాలు కదులుతున్నాయని నా క్లాసులో ఒక పిల్ల చెప్పిందండి. చదవకుండా తప్పించుకోడానికి చెబుతోందని కొట్టాను" అంది. ఆమె కూర్చోకముందే ఇంకొకరు లేచారు. ఒంటిగంటకి అయిపోవాల్సిన సమావేశం నాలుగయింది. అన్నాలు చల్లారిపోయినా ఎవరూ కదల్లేదు. జగన్నాథరావు గారు ప్రతి బడి నుంచీ అట్లాంటి పిల్లల పేర్లు రాయించుకున్నారు. పిల్లల్ని ఆపడానికి కాదు, ఎవరికి ఏది కావాలో చూడటానికి. వచ్చే నెల మళ్ళీ కలుస్తున్నాం. చిన్నబాబు కూడా వస్తానన్నాడు. ఆరోజు మా ఇంట్లోనే తిన్నాడు, పడుకుని తెల్లారి వెళ్ళాడు.

నిన్న సోమవారం ఆరో తరగతి పిల్లల్ని ఒక్కొక్కర్నీ విడిగా పిలిచి, ఏది కష్టంగా ఉందో, ఎందుకు కష్టంగా ఉందో అడగడం మొదలుపెట్టాను. పిల్లలు ముందు భయపడ్డారు, తర్వాత చెబుతున్నారు. నలభై ఒక్క మందిలో ఇంకా పన్నెండు మంది మిగిలారు. గంట కొడుతున్నారు, వెళ్ళాలి.

పెద్దన్నయ్య
వరప్రసాదరావు